రేపు ఏఆర్ క్లాసా? ఈరోజే ఇవి చూసుకోండి

ఏఆర్ అంటే ఫోన్ కెమెరాలో కనిపించే మన గదిలోనే త్రీడీ బొమ్మ నిలబడినట్టు చూపించేది. మొదట ఫోను. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏఆర్ రాదు సార్, ఏఆర్‌కోర్ (ఆండ్రాయిడ్‌లో ఏఆర్ నడిపించే గూగుల్ సాఫ్ట్‌వేర్) సపోర్ట్ ఉండాల, అది ఈరోజే చూసుకోండి. పాత వీడియోలు చూసి గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అనే క్లాసు యాప్ కోసం వెతకద్దండి, దాన్ని 2021లోనే ఎత్తేసినారు.

త్రీడీ మోడళ్ళు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, చంద్రగిరి పక్క మా స్కూల్లో నెట్ సంగతి అడగొద్దు.

అసలు తిప్పలంతా నేలతోనే. కెమెరా నేల మీది మచ్చలు, గీతలు పట్టుకుని, ఫోన్ ఎటు కదిలిందో సెన్సర్లతో కలిపి లెక్కేసుకుంటాది, అందుకే మెరిసే తెల్ల టైల్స్ మీద పెట్టిన గుండె బొమ్మ ఒకచోట నిలవదు, జారిపోతా ఉంటాది. పూల దుప్పటి గానీ పాత న్యూస్‌పేపర్లు గానీ పరచండి, సరిపోతాది. కిటికీలు తెరవండి, చీకట్లో కూడా ఇదే గొడవ. మార్కర్ కార్డులకి (కెమెరాతో స్కాన్ చేస్తే బొమ్మ వచ్చే కార్డులు) మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైట్ మెరుపు పడితే స్కాన్ కాదు (ఒక సెట్ అట్లే పాడుచేసుకున్నా).

బెంచీలు పక్కకి జరపండి. పిల్లోళ్ళు స్క్రీన్ చూస్తా వెనక్కి నడుస్తారు, ఫోన్ పట్టుకున్నోడికి ఒకర్ని కాపలా పెట్టండి, మెట్ల దగ్గర, వరండా అంచున వద్దే వద్దు.

మన తిరుపతి ఎండలకి ఫోన్ ఊరికే వేడెక్కుతాది, మధ్యమధ్యలో ఆపండి. పవర్‌బ్యాంక్ మర్చిపోవద్దు. ఎవరైనా తల తిరుగుతోందంటే కూర్చోబెట్టేయండి.