సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల అరబ్బీ, జర్మన్ వచ్చినయా? ఇంగ్లీషుల్కి ఇట్ల మార్చుకోండి

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు ఇది మస్తు కామన్. గల్ఫ్ కెళ్లి వచ్చిన బావనో చిన్నాయనో అక్కడ వాడిన ల్యాప్‌టాప్ తెచ్చి ఇంట్ల డిగ్రీ చదివే పిల్లలకు ఇస్తడు, ఆన్ చేస్తే మొత్తం అరబ్బీ, పైకెళ్లి అంతా ఉల్టా, స్టార్ట్ బటన్ కుడి పక్కకు పోయి ఉంటది. హనుమకొండల కొన్న సెకండ్స్ మాల్‌ల కూడా ఒక్కోసారి జర్మన్‌దో జపాన్‌దో తగుల్తది. షాపుకు తీస్కపోతే "ఫార్మాట్ కొట్టాలె అన్నా" అని ఒకటే మాట చెప్తరు. కొన్నిసార్లు నిజంగనే కొట్టాలె, కానీ చాలాసార్లు అవసరం లేదు, ఇంట్ల కూసోని మనమే చేస్కోవచ్చు.

ముందుగాల ఒక్కటి బుర్రకెక్కించుకోండి. స్క్రీన్ మీద కనిపించే భాష వేరు, కీబోర్డ్ భాష వేరు, పాత సాఫ్ట్‌వేర్ల కోసం లోపల ఉండే సిస్టమ్ లొకేల్ అనే భాష సెట్టింగ్ వేరు. మనోళ్లు మొదటిది మార్చి అయిపోయిందనుకుంటరు, రెండో రోజు పాస్‌వర్డ్ పడ్తలేదని లొల్లి మొదలైతది. మూడూ చూస్కోవాలె.

అన్నిటికన్నా ముందు విన్‌వర్, అంటే ఏ విండోస్ ఉందో చూడండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ అనే చిన్న డబ్బా వస్తది, అండ్ల ఇంగ్లీషు అక్షరాలతోటి డబ్ల్యూ, ఐ, ఎన్, వీ, ఈ, ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కాలె. కొడ్తుంటే అరబ్బీ అక్షరాలు పడ్తున్నయంటే విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డ్ మారుతది. జపాన్ కీబోర్డ్ అయితే ఎస్కేప్ కింద, 1 పక్కన ఒక బటన్ ఉంటది, దాన్ని నొక్కితే ఇంగ్లీషు అక్షరాలొస్తయి. ఇప్పుడు వచ్చిన విండోల విండోస్ 10 ఆ, 11 ఆ, హోమా, ప్రోనా అన్నది ఉంటది. అంకెలు, ప్రో అన్న మాట ఏ భాషలైనా గుర్తుపట్టొచ్చు, మిగిలింది అర్థం కాకుంటే ఫోన్‌ల గూగుల్ లెన్స్ పెట్టి స్క్రీన్ మీద చూపించండి, తెలుగుల చదివి పెడ్తది. అసలు ఈ పని మొత్తంల మీకు పక్కన ఉండాల్సిన పనిముట్టు ఆ ఫోనే.

అక్కడ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటే కథ వేరే, దాని గురించి కింద చెప్తా. ప్రో అనో ఉత్త హోమ్ అనో ఉంటే సంతోషం, పావుగంట పని.

మెనూలల్ల వెతుక్కుంట పోవద్దు, భాష రానప్పుడు ఎక్కడికి పోతున్నమో తెల్వదు. అదే రన్ డబ్బాల ఎంఎస్, తర్వాత హైఫన్, తర్వాత సెట్టింగ్స్, తర్వాత కోలన్, తర్వాత రీజియన్, లాంగ్వేజ్ రెండూ కలిపి, ఎక్కడా స్పేస్ ఇయ్యకుండ కొట్టి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్ ఏ భాషల ఉన్నా సీదా భాషల పేజీకే తీస్కపోతది. ఆ పేజీల పైన ఒక డ్రాప్‌డౌన్ ఉంటది, అదే స్క్రీన్ భాష. అది నొక్కితే ఇంగ్లీషు అప్పటికే లిస్టుల ఉందనుకో, అదృష్టం, దాన్నే ఎంచుకోండి. లేకపోతే కింద యాడ్ చేసే బటన్ ఉంటది, విండోస్ 10ల అయితే ప్లస్ గుర్తు ఉంటది, దాన్ని నొక్కి సెర్చ్‌ల ఇంగ్లీష్ అని కొట్టండి. వంద దేశాల ఇంగ్లీషులు వచ్చినట్టు కనిపిస్తయి, స్క్రీన్ కోసం యునైటెడ్ స్టేట్స్ లేకపోతే యునైటెడ్ కింగ్‌డమ్ తీస్కోండి, ఇండియా ఇంగ్లీషును డేట్లకు, రూపాయలకు తర్వాత వాడుకుందాం. నెక్స్ట్ కొట్టినంక దీన్నే విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్ చేయాల్నా అని అడిగే చెక్‌బాక్స్ ఉంటది, దానికి టిక్ పెట్టి ఇన్‌స్టాల్ కొట్టండి. నెట్ కావాలె, వైఫై లేకుంటే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. అయిపోయినంక సైన్ అవుట్ కొట్టమంటది, కొట్టి మళ్ల లోపలికి రండి, ఇప్పుడు ఇంగ్లీషు కనిపిస్తది, స్టార్ట్ బటన్ కూడా తన జాగకు తాను వస్తది.

ఇక్కడ ఆగిపోవద్దు. లాగిన్ స్క్రీన్ ఇంకా అరబ్బీలనే ఉంటది చూడండి. మళ్ల రన్ డబ్బా తెరిచి ఐ, ఎన్, టీ, ఎల్, డాట్, సీ, పీ, ఎల్ కొట్టండి, రీజియన్ విండో వస్తది. ఫార్మాట్ దగ్గర ఇంగ్లీష్ ఇండియా పెట్టండి, డేట్ మన తీరుగ రోజు, నెల, సంవత్సరం వరుసల వస్తది. సౌదీ సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లల్ల హిజ్రీ క్యాలెండర్ ఉంటది, గడియారం పక్కన సంవత్సరం 1447 లాంటిది కనిపిస్తే బ్యాటరీ ఖరాబైందనుకునేరు, ఏం కాలే, ఫార్మాట్ మారిస్తే సరి. అదే విండోల చివరి ట్యాబ్ అడ్మినిస్ట్రేటివ్, అండ్ల కాపీ సెట్టింగ్స్ బటన్ నొక్కితే కింద రెండు డబ్బాలు ఉంటయి, ఒకటి వెల్‌కమ్ స్క్రీన్‌కు, ఒకటి కొత్త యూజర్లకు, రెండిటికీ టిక్ పెట్టండి. దాని కిందనే చేంజ్ సిస్టమ్ లొకేల్, అక్కడ కూడా ఇంగ్లీష్ ఇండియా పెట్టి రీస్టార్ట్ చేయండి. ఈ లొకేల్ చాలామందికి అవసరం పడది గానీ డీటీపీ చేసేటోళ్లకు ప్రాణం లాంటిది. పేజ్‌మేకర్‌ల అను ఫాంట్లతోటి పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే షాపోళ్లు గీ కంప్యూటర్ తీస్కుంటే లొకేల్ మార్చకుండ పని మొదలుపెట్టొద్దు, అవి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకు ఉమ్మడి కోడ్) వాడని పాత సాఫ్ట్‌వేర్లు, అరబ్బీనో జపనీసో లొకేల్ ఉంటే అక్షరాలు పిచ్చి పిచ్చిగ పడ్తయి.

ఇగ కీబోర్డ్. అరబ్బీ కీబోర్డ్‌ల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా అచ్చేసి ఉంటయి కాబట్టి పెద్ద కష్టం లేదు, భాషల పేజీకి పోయి లిస్టులకెళ్లి అరబ్బీని తీసేయండి, లేకుంటే మధ్యమధ్యల ఆల్ట్, షిఫ్ట్ తగిలి తనంతట తానే మారుతనే ఉంటది. జర్మన్‌ది ఇంకో తీరు, వై, జెడ్ తారుమారై ఉంటయి, ఈమెయిల్‌ల కొట్టే అట్ గుర్తు క్యూ మీద ఉంటది, కుడి పక్క ఆల్ట్ పట్టుకొని క్యూ నొక్కాలె. జపాన్‌దాంట్ల అట్ గుర్తుకు పీ పక్కనే సొంత బటన్ ఉంటది. మీరు సెట్టింగ్స్‌ల యూఎస్ కీబోర్డ్ పెట్టుకుంటే బటన్ మీద అచ్చేసింది ఒకటి, స్క్రీన్ మీద పడేది ఇంకొకటి, అప్పుడు అట్ కావాలంటే షిఫ్ట్ పట్టుకొని 2 నొక్కాలె, దాని మీద వేరే బొమ్మ ఉన్నా పట్టించుకోవద్దు. చూడకుండ టైప్ చేసేటోళ్లకు ఇదేం లెక్క కాదు, చూసి చూసి కొట్టేటోళ్లు స్టిక్కర్లు తెచ్చి అతికించుకోండి.

పాస్‌వర్డ్ సరిగ్గ కొట్టినా తప్పు అంటుందా? లాగిన్ స్క్రీన్ల కింద మూలకు కీబోర్డ్ పేరు పొట్టిగ రాసి ఉంటది, అది నొక్కి ఇంగ్లీషు చేయండి. పాస్‌వర్డ్ డబ్బాల కన్ను బొమ్మ నొక్కి పట్టుకుంటే ఏం పడుతుందో కనిపిస్తది.

సింగిల్ లాంగ్వేజ్ సంగతి. ఈ ఎడిషన్ల స్క్రీన్ భాష ఒక్కటే, రెండోది పెడ్తా అంటే నీ లైసెన్సుకు ఒక్క భాషనే అంటది. యూట్యూబ్‌ల చూసి రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) తిప్పుతా అనుకుంటే మీ ఇష్టం, నేనైతే చెప్పను. సీదా మళ్ల ఇన్‌స్టాల్ చేస్కోవడమే మంచిది. 8 జీబీ పెన్‌డ్రైవ్, వేరే కంప్యూటర్ల మైక్రోసాఫ్ట్ సైట్ కెళ్లి మీడియా క్రియేషన్ టూల్ దించుకొని ఇంగ్లీషు ఎంచుకొని తయారు చేయండి. డెల్, లెనోవో అయితే ఆన్ చేయంగనే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 నొక్కుకుంట పోతే బూట్ మెనూ వస్తది, అండ్ల పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. లైసెన్స్ కీ మదర్‌బోర్డులనే ఉంటది చాలా వాటికి, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలంగనే యాక్టివేట్ అయితది, కీ కొనమని ఎవరన్నా అంటే ముందు ఇది చూడండి.

నిజం చెప్పాలంటే ముందల వేరేటోళ్లు వాడిన కంప్యూటర్ అయితే నేను భాష మార్చి ఊకోను, ఎట్లైనా కొత్తగ ఇన్‌స్టాలే చేస్తా. వాళ్ల ఫైళ్లు, పాస్‌వర్డులు, ఇంకా ఏమేం పెట్టి ఇచ్చిండ్రో మనకేం తెల్సు? పైగ భాష మార్చినా లోపల అడ్మినిస్ట్రేటర్ గ్రూపుల పేర్ల లాంటివి పాత భాషలనే ఉండిపోతయి. కానీ బావ ఫోటోలు ఉన్నయంటే ముందు అవి పెన్‌డ్రైవ్‌లకు తీసి పెట్టుకోండి, ఫార్మాట్ కొట్టినంక ఏడ్చినా రావు. ఇంకోటి, సెట్టింగ్స్ పైన మీ ఆర్గనైజేషన్ దీన్ని మేనేజ్ చేస్తుంది అన్న మాట కనిపిస్తే, లేకుంటే ఆన్ చేయంగనే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్ అడిగితే, కొనేటప్పుడే వాపస్ ఇచ్చేయండి, కంపెనీ తాళం ఇంకా పడే ఉండొచ్చు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి అయిపోయింది, 11 ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసర్ల 8వ జనరేషన్ లేకుంటే దాని తర్వాతిది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె. పాత మాల్ అయితే విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వేస్కోండి, ఇన్‌స్టాల్ మొదట్లనే భాష అడుగుతది, ఈ బాధే లేదు.

తెలుగు కావాలనుకునేటోళ్లకు: అదే భాషల పేజీల తెలుగు అని వెతికి యాడ్ చేస్కోవచ్చు. మెనూలు తెలుగుల పెట్టుకుంటే కొన్ని మాటలు ఇంగ్లీషులనే మిగుల్తయి, అయినా అమ్మానాన్నలకు బానే ఉంటది. స్క్రీన్ ఇంగ్లీషులనే ఉంచి టైపింగ్ ఒక్కటి తెలుగుల కావాలంటే సింగిల్ లాంగ్వేజ్ ఉన్నా అడ్డం రాదు, కీబోర్డ్ మాత్రం ఎన్నైనా పెట్టుకోవచ్చు. తెలుగు ఆప్షన్స్‌ల కీబోర్డ్ యాడ్ చేసేకాడ ఫొనెటిక్ అన్నది తీస్కోండి, 2019 కెళ్లి విండోస్ 10లనే వస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్ల అమ్మ అని కొడ్తే తెలుగుల పడ్తది. రూపాయి గుర్తుకు ఇంగ్లీష్ ఇండియా కీబోర్డ్ పెట్టి కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కండి.