కొత్త చికిత్స మొదలుపెడుతున్నారా? పాత మందు మీ అంతట మీరు ఆపకండి

పోయిన నెల నా స్నేహితురాలిని స్పృహ లేని స్థితిలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఆమెకు లూపస్, అంటే ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూనిటీ ఆ ఒంటి మీదే దాడి చేసే జబ్బు. రెండేళ్లుగా స్టెరాయిడ్ వాడుతోంది. మూడు వారాల ప్రకృతి చికిత్స శిబిరానికి వెళితే, ఒళ్లు శుద్ధి కావాలంటే మందులన్నీ ఆపాలన్నారట. మొదటి రోజే ఆపేసింది. నాలుగో రోజు వాంతులు పట్టుకున్నాయి. విషాలు బయటికి పోతున్నాయి, మంచిదేనని చెప్పారు. ఐదో రోజు మంచం దిగబోయి పడిపోయింది.

ఆమె సంచీలో తొమ్మిది మాత్రలు మిగిలిన స్ట్రిప్ దొరికింది. అది చూశాకే డ్యూటీ డాక్టర్‌కి విషయం అర్థమై హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు కోలుకుంటోంది.

నాకూ పన్నెండేళ్లుగా ఇదే జబ్బు. వేళకు నిద్ర, రోజూ నడక, ధ్యానం నాకెంతో మేలు చేశాయి. మీరూ చేయండి. కానీ వాటిని మందుతో పాటు చేయండి, మందు మానేసి కాదు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఈ ఒక్క చోటే.

ఆపితే లోపల ఏం జరుగుతుంది

మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ను తయారు చేస్తాయి. స్టెరాయిడ్ మాత్ర మూడు నాలుగు వారాలు దాటి వాడితే అవి ఆ పని తగ్గించేసుకుంటాయి. మాత్ర ఆపగానే తిరిగి అందుకోలేవు. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. ఈలోగా బీపీ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే డాక్టర్ డోసును కొంచెం కొంచెంగా దించుతారు.

లూపస్‌కి ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇంకోలా మోసం చేస్తుంది. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే దాదాపు 40 రోజులు పడుతుంది. "మానేసి నెలైంది, హాయిగానే ఉన్నాను" అంటారు. ఆ హాయి పాత మాత్రలదే. లూపస్ అదుపులో ఉన్నవాళ్ల మీద కెనడాలో జరిపిన అధ్యయనం 1991లో వచ్చింది. ఈ మందు ఆపినవాళ్లలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. బాగున్నప్పుడు కూడా ఆపకండి.

నొప్పి లేదని నమ్మకండి

లూపస్ కిడ్నీకి పాకితే నొప్పి ఉండదు. మూత్రంలో నురగ వచ్చి చాలాసేపు పోకపోవడం, పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి చెప్పు బిగుసుకోవడం, పైకి కనిపించేవి ఇవే. ఒక్కోసారి ఇవీ ఉండవు. మూడు నెలలకోసారి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మానొద్దు.

ఇక మిగతావి:

- ఇమ్యూనిటీ పెంచే పొడులు వద్దు. మన జబ్బే ఇమ్యూనిటీ దారి తప్పడం. లూపస్ ఉంటే ఎకినేషియా, అల్ఫాల్ఫా అనే మూలికలు అసలే వద్దు.
- లేబుల్ లేని మందు ముట్టుకోకండి. అలాంటి వాటిలో సీసం, పాదరసం, చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్ బయటపడ్డాయి. ఏళ్ల కీళ్లనొప్పి రెండు రోజుల్లో మాయమైతే సంతోషించకండి, అనుమానించండి.
- ఇమ్యూనిటీని తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని చనిపోయినవాళ్లున్నారు. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్ట్రిప్ మీద పెన్నుతో రాయండి.
- సిగరెట్ మానండి.
- లూపస్ ఉంటే మబ్బు పట్టిన రోజు కూడా సన్‌స్క్రీన్ రాయండి.
- థైరాయిడ్ పరీక్షకు రెండు రోజుల ముందు బయోటిన్ అనే విటమిన్ మాత్ర ఆపండి. రిపోర్ట్ తప్పుగా వస్తుంది.
- గర్భం గురించి ఆలోచన ఉంటే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. మెథోట్రెక్సేట్ బిడ్డకు ప్రమాదం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మామూలుగా కొనసాగిస్తారు. ఏది ఆపాలో మీరు తేల్చకండి.
- ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉండి జ్వరం 100.4 డిగ్రీలు తాకితే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. తెల్లారనీ అని ఆగొద్దు.
- శిబిరంలో, ఇంట్లో, ఎవరు చెప్పినా సరే, మందు రాసిన డాక్టర్‌ని అడగకుండా ఆపకండి.
- స్టెరాయిడ్ వాడుతూ వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. "నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను" అన్నది అక్కడ మీ మొదటి మాట కావాలి. మందు పేరు, డోసు రాసిన కార్డు ఈ రోజే పర్సులో పెట్టుకోండి. మీ సంచీ వెతికేదాకా వాళ్లకు తెలియని పరిస్థితి రాకూడదు.