ఇంటి కంప్యూటర్ మరమ్మతు, మూడో పాఠం: ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు

కిందటి పాఠంలో బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేని కంప్యూటర్‌ని చూశాం. గోడ ప్లగ్గు, యూపీఎస్, కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే స్విచ్చి దాకా వచ్చి ఆగాం. ఈసారి ఇళ్ళల్లో ఎక్కువగా ఎదురయ్యే తంటా. బటన్ నొక్కగానే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది, లేదంటే 'నో సిగ్నల్' అని చూపించి ఆరిపోతుంది.

పనిలోకి దిగేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. కంప్యూటర్ ఆన్ కాలేదనగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట 'ఫార్మాట్ కొట్టించాలేమో'. విండోస్ దాకా రానే రాని కంప్యూటర్‌కి ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంటుంది: పిల్లల ఫోటోలు, డిగ్రీ ప్రాజెక్టు, రొయ్యల చెరువుకి ఏ రోజు ఎంత మేత వేశారో రాసుకున్న ఎక్సెల్ షీట్లు. కాబట్టి కంప్యూటర్ ఎక్కడి దాకా వచ్చి ఆగిందో ముందు తెలుసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి.

బటన్ నొక్కాక జరిగేది ఇదీ. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులుగా మార్చి మదర్‌బోర్డుకి ఇస్తుంది. అప్పుడు బోర్డు మీది చిప్‌లో ఉన్న బయోస్ అనే చిన్న ప్రోగ్రాము లేచి ప్రాసెసర్, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ), డిస్‌ప్లే పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటుంది. ఈ తనిఖీనే పోస్ట్ అంటారు. అది సరిగా జరిగితే తెర మీద కంపెనీ లోగో కనబడుతుంది. ఆ తర్వాతే డిస్క్ వంతు, దాని తర్వాత విండోస్ చుక్కలు తిరగడం. లోగో కూడా రాలేదంటే చాలాసార్లు పోస్ట్‌లోనే ఆగిందని అర్థం. డిస్క్‌లో ఉన్న మీ ఫైళ్ళ దాకా సంగతి ఇంకా వెళ్ళనేలేదు.

అయితే అన్నీ సరిగా ఉండి, బొమ్మ ఒక్కటే మానిటర్‌కి చేరకపోవచ్చు. దాన్ని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కావలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "అబ్బాయా, ఫ్యాను తిరగతా ఉండాది గానీ తెర మీద ఏమీ రాలా" అంది. "పిన్నీ, ఒక నిమిషం ఆగి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కు. చిన్న లైటు వెలిగి ఆరుతోందా?" అని అడిగాను. వెలుగుతోందంది. లైటు అలా మన మాట వింటోందంటే లోపల కంప్యూటర్ నడుస్తున్నట్టే. ఇక చూడాల్సింది కేబులు. ఇల్లు సర్దేటప్పుడు తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టారట. వాళ్ళ కంప్యూటర్‌లో బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంది. కేబులేమో పైన ఉండే మదర్‌బోర్డు సాకెట్‌కి పెట్టారు. కింద అడ్డంగా ఉన్న కార్డు సాకెట్‌కి మార్చగానే బొమ్మ వచ్చింది. మీ ఇంట్లోనూ ఇదే ముందు చూడండి. మానిటర్‌లో ఇన్‌పుట్ సరైనదే ఎంచుకుని ఉందా, కేబులు రెండు కొసలా గట్టిగా ఉందా అన్నవీ చూడండి.

క్యాప్స్ లాక్ లైటు కదలకపోతే మొదట అనుమానించాల్సింది ర్యామ్‌ని. మన ప్రకాశం, నెల్లూరు ప్రాంతంలో దానికి కారణాలూ ఉన్నాయి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్ళలో గాలిలో ఉప్పు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, ఆ తేమ వారాల తరబడి వదలదు. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ము. ర్యామ్ అంచున ఉండే లోహపు పళ్ళు స్లాట్‌లో, అంటే బోర్డు మీది గాడిలో, తగిలే చోట తేమ, దుమ్ము చేరితే కనెక్షన్ సరిగా అందదు. వానాకాలంలో కొన్నాళ్ళు వాడకుండా వదిలేసిన కంప్యూటర్‌లో ఇది మరీ ఎక్కువ.

ర్యామ్ తీసి పెట్టడం ఇంట్లో ఎవరైనా నేర్చుకోదగ్గ పని. తొందర ఒక్కటే పనికిరాదు. గోడ స్విచ్చి ఆపి, వైరు పూర్తిగా పీకెయ్యండి. ఆ తర్వాత పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు చాలావరకూ దిగిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. వైరు పీకేసినా దాని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉండొచ్చు. క్యాబినెట్ పక్క రేకు తీసి, పెట్టెని బల్ల మీద పడుకోబెట్టండి. ముందు క్యాబినెట్ ఇనుముని చేత్తో తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ పోతుంది.

ప్రాసెసర్ ఫ్యాన్ పక్కన నిలువుగా నిలబెట్టిన సన్నటి పలకలే ర్యామ్. ఇంకేమీ చెయ్యకముందు ఒక ఫోటో తీసుకోండి, ఏది ఏ స్లాట్‌లో ఉందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. చివర్లలో ఉన్న క్లిప్పుల్ని బయటికి నొక్కితే ర్యామ్ తనే పైకి లేస్తుంది. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది. అంచులు పట్టుకుని తీయండి, బంగారు రంగు పళ్ళని వేళ్ళతో ముట్టుకోవద్దు. టార్చి వేసి ఏటవాలుగా పట్టి చూస్తే మెరవాల్సిన చోట మసకగా, మరకగా ఉన్న పళ్ళు తెలిసిపోతాయి. స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా, ఒకే వైపుకి రుద్దండి. రెండు వైపులా పళ్ళు ఉంటాయని మర్చిపోవద్దు. రాలిన రబ్బరు పొడి ఒక్క రవ్వ కూడా స్లాట్‌లో పడకూడదు, దూరంగా దులపండి. స్లాట్‌ని పొడి బ్రష్‌తో తుడవండి. గరుకు కాగితం వద్దు, నీళ్ళు వద్దు. నోటితో ఊదడం చాలామందికి అలవాటు, కానీ ఆ తుంపర్లు కూడా తేమే.

మళ్ళీ పెట్టేటప్పుడు ర్యామ్ మీది గాటు, స్లాట్‌లో ఉన్న గట్టు ఒకే చోటికి రావాలి. రాకపోతే తిప్పి చూడండి, బలవంతం చెయ్యొద్దు. రెండు చివరలా సమానంగా నొక్కితే 'టక్'మని క్లిప్పులు వాటంతటవే మూసుకుంటాయి. చాలాసార్లు తేడా ఈ టక్ దగ్గరే. చూడ్డానికి దిగినట్టే ఉంటుంది, ఒక కొస పైకే ఉంటుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడండి. ఒకదానితో ఆన్ అయి రెండోదానితో కాకపోతే దొంగ దొరికినట్టే. పక్కింటి వాళ్ళది తెచ్చి పరీక్షించాలంటే రకం కలవాలి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 దిగదు. ర్యామ్ కదిపాక మొదటిసారి బొమ్మ ఆలస్యంగా రావచ్చు, డీడీఆర్5 ఉన్న కొత్త మిషన్లు నిమిషం పైనే తీసుకోవచ్చు. ఈలోపు కంగారుపడి ఆపెయ్యొద్దు.

పెట్టె తెరిచి ఉన్నప్పుడే ఇంకొకటి చూడండి. ప్రాసెసర్ దగ్గరికి వచ్చే 4 లేదా 8 పిన్నుల వైరు వదులైతే ఫ్యాన్లు మామూలుగానే తిరుగుతాయి, బొమ్మ రాదు. కొన్ని బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (డిస్‌ప్లే), బూట్ (డిస్క్) అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది ఆరకుండా ఉండిపోయిందో అదే చిరునామా. బీప్ శబ్దాలకి అర్థం బోర్డుని బట్టి మారుతుంది, మీ బోర్డు మాన్యువల్‌లోనే చూసుకోండి.

ఇక బోర్డు మీద ఉండే గుండ్రటి సెల్ సంగతి. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032, 3 వోల్టులది. తారీఖు, టైము రోజూ పాతకాలానికి వెళ్ళిపోతుంటే అది అయిపోయినట్టు. మార్చడం తేలికే, కానీ సెల్ తీస్తే బయోస్ సెట్టింగులు మొదటికి రావచ్చు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటరైతే ఆ తర్వాత 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ చాలామందికి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

ఇవన్నీ చేసినా తెర నల్లగానే ఉంటే షాపుకి తీసుకెళ్ళండి. ట్రంకు రోడ్డులో ఏ షాపుకి వెళ్ళినా ఈ మాటలు చెప్పండి: "పోస్ట్ దగ్గర ఆగుతోంది. ర్యామ్ శుభ్రం చేసి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఎస్‌ఎంపీఎస్, బోర్డు చూడండి. డిస్క్ ఫార్మాట్ చెయ్యొద్దు." వీలైతే డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. బోర్డు పరీక్షకి అది అక్కర్లేదు.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. మీ కంప్యూటర్ బాగా ఉన్నప్పుడే బటన్ నొక్కి, లోగో ఎన్ని సెకన్లకి వస్తుందో, విండోస్ చుక్కలు ఎప్పుడు మొదలవుతాయో నోటుబుక్కులో రాసుకోండి. లోగో వచ్చి అక్కడే బిగుసుకుపోయే కంప్యూటర్‌ని నాలుగో పాఠంలో చూస్తాం, ఆ లెక్క అప్పుడు కావాలి.