పనసపిందెలు రాలుతున్నాయా? ముందు కాడ చూడండి

మాఘమాసం దాటిందంటే కోనసీమ పెరళ్లలో ఇదే దిగులు: పనసపిందెలు నల్లబడి రాలిపోతున్నాయని. వెంటనే మందుల కొట్టుకు వెళ్లకండి. రాలినవాటిని ఏరి ఒక్కొక్కటీ తిప్పి చూడండి.

సన్నకాడ పిందెలు రాలితే

పనసకు ఒకే చెట్టు మీద మగపూత, ఆడపూత విడివిడిగా వస్తాయి. మనం పిందె అనుకునేది వందలాది చిన్న పువ్వులు ముద్దగా కూడినది. మగది వేలెడు పొడవు, సన్నటి కాడ. తాజాగా ఉన్నప్పుడు అరచేతిలో రుద్దితే పసుపుపచ్చని పుప్పొడి అంటుతుంది. ఆ పుప్పొడి రాల్చాక అది నల్లబడి, బూజు పట్టి రాలిపోవడం సహజం. మా పెరట్లో ఒక ఉదయం బుట్టెడు ఏరాను. లావుకాడవి రెండే దొరికాయి. మందు అవసరమే లేదు. అయితే రాలినవి చెట్టుకింద వదిలేయకూడదు, ఆ బూజే ఆడపిందెలకూ పాకుతుంది. ఏరి దూరంగా పూడ్చండి.

లావుకాడ పిందెలు కుళ్లితే

ఇవి ఆడవి, ఎక్కువగా మాను మీదా పెద్దకొమ్మల మీదా వేలాడేవి. మెత్తబడి, మొదట బూడిదరంగు బూజు, తర్వాత నల్లటి పొడి కనిపిస్తే అది బూజు తెగులు. తేమ, గాలి ఆడని గుబురు దానికి బలం. కుళ్లినవి కోసి పూడ్చి, లోపలి ఎండుకొమ్మలు తీసేయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేసి, 15 రోజులకు మళ్లీ చేయాలి. పొట్టు కూరకు కోయదలచిన కాయలుంటే మందుకు ముందే కోసుకోండి.

కాయకు రంధ్రం, దాని నోట పిప్పి కనిపిస్తే తొలుచుపురుగు. ఆ కాయ తీసేయండి. ఒకదానికొకటి ఆనుకున్న కాయల్లో ఒకటి ముందే కోసి, మిగిలినదానికి గోనెసంచి కట్టండి.

ఒకపక్క నొక్కుకుపోయిన కాయ తెగులు కాదు. ఆ పక్క పువ్వులకు పుప్పొడి అందక తొనలు కట్టలేదంతే. మిగతా తొనలు నిక్షేపంగా తినవచ్చు.

ఆకులు పసుపురంగుకు తిరిగి, కొమ్మలు చివరనుంచి ఎండితే

డెల్టాలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పనస పశ్చిమ కనుమల వానల్లో పుట్టిన చెట్టు. వాన ఎంత కురిసినా దానికి భయం లేదు, అక్కడి వాలులో నీరు జారిపోతుంది. మన దగ్గర కాలువలకు నీళ్లు వదిలి, పక్కచేలలో నాట్లు పడితే నేలలోని నీటిమట్టం వేళ్లదాకా పైకి వస్తుంది. గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. మొదలుకు కొంచెం దూరంగా రెండడుగుల గుంట తవ్వి మర్నాడు చూడండి. నీరు ఊరి ఉంటే ఎరువులు వేసి లాభం లేదు. చెట్టు చుట్టూ బోదె తీసి మురుగుకాలువలోకి కలపండి. కొత్త మొక్కను రెండడుగుల ఎత్తు దిబ్బ మీదే నాటండి.

మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోయడమూ అంతే చేటు. మా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మట్టి పనసమానుకు ఆనించి పోశారు. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి మా నాయనమ్మ నాటిన చెట్టు నిలువునా ఎండిపోయింది. మీ చెట్టుకూ అలా మట్టి ఉంటే పాతమట్టం కనిపించేదాకా, వేళ్లు తెగకుండా, ఈ వారమే తీసేయండి.

అసలు కాపే లేకపోతే

గింజ మొక్కైతే ఏడెనిమిదేళ్లు ఆగాలి. కడియం నర్సరీల్లో కొన్న అంటుమొక్క మూడు నాలుగేళ్లకే కాస్తుంది. కొనేటప్పుడే మాను అడుగున అంటు అతుకు ఉందో లేదో చూసుకోండి.