నాలుగడుగుల యుద్ధయంత్రం మోడల్ మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి సెలవులు రాగానే హన్మకొండలో మా డాబా మీది రేకుల గది కార్ఖానాగా మారుతుంది. కిట్టు కొని అతికించడం వేరు. సన్‌బోర్డు, పీవీసీ పైపులు, పాత సామాన్ల కొట్టులో దొరికిన విడిభాగాలతో, మూడు నాలుగు కాళ్ల మీద నడిచే ఫిరంగి బురుజు వంటి ఊహాలోకపు యుద్ధయంత్రాన్ని మొదటి నుంచీ సొంతంగా కట్టడం వేరు. ఈ రెండో పనికి దిగేవారు సాధారణంగా అడుగు ఎత్తు బొమ్మతో చేయి తిప్పుకొని, ఆ ధైర్యంతో ఒక్కసారిగా నాలుగడుగుల దానికి పూనుకుంటారు. ప్రమాదమంతా ఆ దూకుడులోనే ఉన్నది. చిన్న బొమ్మకు చుక్క జిగురు, చెంచాడు రంగు, చిటికెడు దుమ్ముతో పని జరిగిపోయింది కనుక, పెద్దదానికి అవే సరుకులు మరికొంత ఎక్కువ తెచ్చుకుంటే చాలుననిపిస్తుంది. అయితే పరిమాణం పెరిగేకొద్దీ బరువు, వేడి, ఆవిరి మన అంచనా ప్రకారం పెరగవు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన ప్రాంతంలో, ఎండ 45 డిగ్రీల దరిదాపుల్లో ఉండగా ఆ పనిని రేకుల కింద చేయబోతున్నామన్న సంగతిని కూడా లెక్కలో వేసుకోవాలి.

ముందుగా బరువును చూద్దాం. అడుగు ఎత్తున్న మోడల్ అరకిలో తూగిందనుకుంటే, ప్రతి కొలతనూ 4 రెట్లు చేసి అదే పదార్థంతో అదే తీరున కట్టినప్పుడు ఘనపరిమాణం 64 రెట్లు అవుతుంది, అంటే బరువు 32 కిలోలకు చేరుతుంది. ఆ బరువును మోసే కాలి మందం వైశాల్యంలో 16 రెట్లే పెరుగుతుంది కనుక, కాలిలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద పడే ఒత్తిడి 4 రెట్లవుతుంది. చిన్నదానిలో నిక్షేపంగా నిలిచిన మోకాలి కీలు పెద్దదానిలో పుటుక్కున విరిగితే జిగురును తిట్టుకోవలసిన పని లేదు. పెంకు మందాన్ని కొలతలతోపాటు పెంచకుండా 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డుతోనే సరిపెట్టి, బరువంతా లోపలి అస్థిపంజరం మీద పడేలా కట్టాలి. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలను వాడిన శిల్పులకు ఈ సూత్రం బాగా తెలుసు. మీ యంత్రానికి కూడా తల, ఫిరంగి గొట్టాలు, బురుజు వీలైనంత తేలికగా ఉండాలి. బ్యాటరీ, కరెంటు పెట్టె వంటి బరువైనవి పాదాల దగ్గరికి లేదా పీఠంలోకి దిగిపోవాలి. తలలో గట్టి ముక్క ఎక్కడైనా తప్పనిసరి అయితే, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క వంటి తేలిక చెక్కను ఎంచుకోవడం మేలు.

మూడు కాళ్ల యంత్రం చూడటానికి గంభీరంగా ఉంటుంది, ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదుపు లేకుండా నిలుస్తుంది. అందుకే చాలామంది దానినే ఎంచుకుంటారు. అది పడిపోవడంలోనూ అంతే సులువు చూపిస్తుందని మాత్రం గమనించరు. పాదాలు మూడూ నడిమధ్య నుంచి అడుగున్నర దూరంలో ఉన్నప్పటికీ, రెండు పాదాలను కలిపే గీతకూ మధ్య బిందువుకూ ఉన్న దూరం అందులో సగమే, అంటే ముప్పావు అడుగే. గురుత్వ కేంద్రం 3 అడుగుల ఎత్తులో ఉంటే ఆ యంత్రం సుమారు 14 డిగ్రీలు వంగగానే బోర్లా పడుతుంది. అదే కేంద్రాన్ని 2 అడుగులకు దించితే 20 డిగ్రీల వరకూ తట్టుకుంటుంది. అంతే దూరంలో నాలుగు పాదాలు పెడితే ఆ ముప్పావు అడుగు కాస్తా అడుగు దాటుతుంది. నా మొదటి మూడు కాళ్ల యంత్రాన్ని తలుపు సందులోంచి వచ్చిన గాలిదుమారం పడగొట్టింది. గదిలో ఎవరూ లేకపోవడం వల్ల విరిగింది బొమ్మ ఒక్కటే. పెంకు ఎక్కించక ముందే ఉత్త అస్థిపంజరానికి తలలో రాబోయే బరువుకు సమానమైన ఇసుక సంచిని కట్టి, దాన్ని ఒక పలక మీద నిలబెట్టి, పలకను ఒక వైపు మెల్లగా ఎత్తి చూడండి. 15 డిగ్రీల లోపే తూలితే కాళ్లను వెడల్పు చేయాలి, లేదా పాదాలను బరువైన పీఠానికి బోల్టులతో బిగించాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డిగ్రీల లెక్కతో నిమిత్తం లేకుండా పీఠం తప్పనిసరి, ఎందుకంటే కాళ్లున్న ఏ వస్తువునైనా పిల్లలు ఎక్కి చూస్తారు.

ఇంకొక కొలత గది తలుపుది. డాబా మీది గదుల తలుపులు తరచుగా రెండున్నర అడుగులకు మించవు, మెట్ల మలుపు అంతకంటే ఇరుకు. తల, నడుము, కాళ్లు విడివిడిగా బోల్టులతో ఊడివచ్చేలా మొదటి రోజే గీసుకోకపోతే, ఆరు వారాల శ్రమను చివరకు రంపంతో కోసి కిందికి దించవలసి వస్తుంది. 30 కిలోల వస్తువును మెట్ల మీద ఇద్దరు మోసేటప్పుడు దాని కాళ్లు మోసేవారి కళ్ల ఎదుటే ఆడుతుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అస్థిపంజరానికి ఇనుప చదరపు గొట్టాలు వాడేవారు వెల్డింగు పనిని అలవాటున్న మనిషికే అప్పగించడం మంచిది. నా గీతను చూసి వెల్డింగు ఆయన, "ఇదేంది సారూ, వాటర్ ట్యాంకు స్టాండా?" అని అడిగాడు గాని, కీళ్లు మాత్రం నేను కోరినదానికంటే గట్టిగా కుదిర్చాడు. జీఐ పైపు ముక్కలు ఇంట్లో మిగిలి ఉన్నాయని వాటిని పట్టుకెళ్లవద్దు. పైనున్న జింకు పూత మండి తెల్లటి పొగ వస్తుంది, దాన్ని పీల్చినవారికి ఆ రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. ఇనుము కోసే చేతి గ్రైండరును మీరే వాడితే, చక్రం మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం మీ యంత్ర వేగానికంటే ఎక్కువగా ఉన్నదా, దాని గడువు తేదీ దాటిందా అన్నవి చూసుకోవాలి. చక్రం కప్పును ఊడదీసి పని చేయకూడదు, కోత చక్రం పక్క అంచుతో రాపిడి పెట్టకూడదు. మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పవలసినది కరెంటు కోత గురించి. కరెంటు పోగానే గ్రైండరును అలాగే బల్ల మీద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్తాము. స్విచ్చు ఆన్‌లోనే నొక్కి ఉంటుంది. కరెంటు తిరిగి రాగానే అది బల్ల మీద తనంత తాను పరుగెడుతుంది. కరెంటు పోయిన మరుక్షణం ప్లగ్గు పీకడం అలవాటు చేసుకోవాలి. రేకుల గదికి వైరు లాగి పని చేసేవారు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్చు) ఉన్నాయని ఎలక్ట్రీషియనుతో ముందే చూపించుకోవాలి, ఎందుకంటే ఇనుప చట్రం, చెమట పట్టిన చేతులు, ఇనుప రేకులు ఒకే చోట కలుస్తున్నాయి.

పెంకు విషయానికి వస్తే, ఫ్లెక్సు దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు నిజానికి పీవీసీ నురగ పలక. దానిని కట్టరుతో ఒక్క ఊపున కోయాలని చూస్తే కత్తి జారుతుంది. ఇనుప స్కేలు ఆనించి, తేలికగా నాలుగైదు గాట్లు పెట్టి విరవాలి. వంపుల కోసం హీట్ గన్నుతో మెత్తబరచవచ్చు గాని, అది గోధుమ రంగుకు తిరిగిందంటే అప్పటికే మాడుతున్నదని, గొంతు మండించే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వెలువడుతున్నదని గ్రహించాలి. ఇదే కారణం చేత పీవీసీ పలకను లేజర్ కటింగుకు ఇవ్వకూడదు. ఆ ఆవిరి మనిషి ఊపిరితిత్తులతోపాటు దుకాణం వారి యంత్రాన్ని కూడా తినేస్తుంది. లేజర్ కోత కావాలంటే ఎక్రిలిక్ పలక తీసుకెళ్లండి. తల లోపల థర్మాకోల్ దిమ్మ వాడేవారు దాని మీద నేరుగా స్ప్రే రంగు కొడితే దిమ్మ కళ్లముందే కరిగి గుంతలు పడుతుంది. ముందు ఫెవికాల్‌తో కాగితం పొరలు అతికించి పూర్తిగా మూయాలి. 3డి ప్రింటు భాగాలు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేసినవైతే సుమారు 60 డిగ్రీలకే మెత్తబడతాయి కనుక, మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో గాని రేకులకు ఆనుకొని ఉన్న అటక మీద గాని పెట్టకూడదు.

జిగురుల గురించి కొంచెం విస్తరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే పరిమాణం మారితే పదార్థం గుణం మారినట్లే కనిపించేది ఇక్కడే. ఫెవిక్విక్ వంటి సైనో ఎక్రిలేట్ జిగురు చుక్క వేలికి అంటితే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసుకుంటే సరిపోతుంది. అదే జిగురు ఎక్కువగా ఒలికినప్పుడు నూలు గుడ్డతో తుడిచినా, నూలు చేతితొడుగు మీద పడినా, పత్తితో చర్య జరిపి పొగలు వచ్చేంత వేడెక్కి చర్మాన్ని కాల్చుతుంది. పత్తి పండే జిల్లాలో ఉన్నాం కనుక ఇంట్లో ప్రతి గుడ్డా నూలుదే. ఆ జిగురు వాడే బల్ల దగ్గర పాలిథీన్ కాగితం, నైట్రైల్ తొడుగులు మాత్రమే ఉంచండి. రెండు గొట్టాల ఎపాక్సీ కూడా అంతే. బఠాణీ గింజంత కలిపితే గోరువెచ్చగా కూడా తెలియదు, అదే గిన్నెడు కలిపితే లోపలి వేడి బయటికి పోయే దారి లేక మరింత వేగంగా గట్టిపడుతూ, ఎండాకాలంలో గిన్నె కరిగేంతగా కాగుతుంది. ఒకసారి పీఠం నింపడానికి ఒకేసారి కలిపిన అరకిలో ముద్ద నా చేతిలోనే పొగలు చిమ్మింది. అప్పటి నుంచి వంద గ్రాములకు మించి కలపడం లేదు, కలిపినదాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరుస్తున్నాను.

గాజునార (ఫైబర్) పెంకు పోసేవారికి ఇంకా కఠినమైన నియమం ఒకటి ఉన్నది. పాలియెస్టర్ రెజిన్ అనే చిక్కటి ద్రవంతోపాటు కోబాల్టు, హార్డెనర్ అనే రెండు చిన్న సీసాలను దుకాణంలో విడిగా ఇస్తారు. ఆ రెండింటినీ ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు, మంట లేచి పేలే ప్రమాదముంది. ముందు కోబాల్టును రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తరువాతే హార్డెనర్ కలపాలి. రెండింటికీ ఒకే చెంచా వాడకూడదు, సీసాలను ఒకే డబ్బాలో దాచకూడదు. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే అవకాశం ఉన్నందున ముఖానికి పూర్తిగా ఆనే కళ్లద్దాలు లేకుండా మూత తీయవద్దు. ఏ రసాయనమైనా కంట్లో పడితే వెంటనే కుళాయి ధార కింద రెప్పలు తెరిచి 15 నుంచి 20 నిమిషాలు కడిగి, ఆ సీసాను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్లాలి, అంబులెన్సుకు 108.

అలంకారానికి పాత యంత్రాల విడిభాగాలు ఏరుకోవడం ఈ అభిరుచిలో అన్నిటికంటే సరదా అయిన భాగం. పాడైన ప్రింటర్లు, మిక్సీ మూతలు, సీడీ డ్రైవులు వేటినైనా విప్పుకోవచ్చు. కాని మైక్రోవేవ్ ఓవెన్, పాత పెట్టె టీవీ, కంప్యూటరు కరెంటు పెట్టె ఈ మూడింటి జోలికి వెళ్లవద్దు, ఎందుకంటే ప్లగ్గు పీకిన తరువాత కూడా వాటిలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. లప్పం, ఎమ్‌సీల్ రుద్దేటప్పుడు నీళ్ల కాగితంతో తడి రాపిడి చేస్తే దుమ్ము లేవదు. నీరు పీల్చి ఉబ్బే ఎండీఎఫ్ చెక్కను (రంపపు పొట్టును అదిమి చేసిన పలకను) మాత్రం ఆరుబయట, మాస్కు పెట్టుకొని పొడిగా రుద్దాలి.

రంగు వేయడానికి వచ్చేసరికి మే నెల చివర గాని, మృగశిర దాటి తొలకరి గాని అవుతుంది. రెండూ ఇబ్బందే. స్ప్రే డబ్బాలను 50 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వకూడదని డబ్బా మీదే రాసి ఉంటుంది. మధ్యాహ్నం రేకుల గది ఆ హద్దును సులువుగా తాకుతుంది కనుక డబ్బాలు, థిన్నర్ కింది అంతస్తులో నీడన ఉండాలి. తెల్లవారి ఆరింటి నుంచి ఎనిమిదింటి వరకే రంగు వేయండి. కూలర్ పెట్టుకొని రంగు కొట్టడం మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు. అది తడిగాలిని గదిలోకి నెట్టి రంగు మీద తెల్లటి మసక తెస్తుంది, పైగా థిన్నర్ ఆవిరి గాలికంటే బరువై నేల మీద పేరుకొని ఉన్నప్పుడు కూలర్ స్విచ్చులోని నిప్పురవ్వ ఒక్కటే చాలు. అగరుబత్తి, దోమల చుట్ట, దీపం ఏవీ ఆ గదిలో ఉండకూడదు. ఎన్95 మాస్కు దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి ఆర్గానిక్ వేపర్ (రసాయన ఆవిరి) కాట్రిడ్జి ఉన్న రబ్బరు మాస్కు కొనాలి. కార్లకు వేసే రెండు పాళ్ల పీయూ (పాలియురేథేన్) రంగులోని ఐసోసయనేట్‌లనే హానికర రసాయనాలకు ఆ మాస్కు కూడా నమ్మదగినది కాదు. అంత మెరుపు కావాలంటే భాగాలను కారు రంగుల షెడ్డులో ఇచ్చి వేయించుకోండి.

చివరగా దీపాలు. 12 వోల్టుల మీద మూడు తెల్ల ఎల్‌ఈడీలను వరుసగా కలిపితే 9.6 వోల్టులు వాటికే పోతాయి, మిగిలిన 2.4 వోల్టులకు, 20 మిల్లీ ఆంపియర్లకు, 120 ఓముల రెసిస్టరు సరిపోతుంది, దానితోపాటు బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు పెట్టాలి. పాత లాప్‌టాప్ నుంచి విప్పిన లిథియం సెల్లులను తలలో దాచి పెంకును శాశ్వతంగా అతికించేయడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. థర్మాకోల్, పీవీసీ, ఎండిన రంగు చుట్టూ ఉన్న చోట సెల్లు ఉబ్బినా కనబడదు, అంటుకుంటే ఆర్పడానికి చేయి దూరే సందు కూడా ఉండదు. బ్యాటరీ పాదంలో, ఒక్క మరతో ఊడివచ్చే తలుపు వెనుక ఉండాలి. చార్జింగు యంత్రానికి బయట, గచ్చు మీద, మీరు మెలకువగా ఉన్నప్పుడే జరగాలి.