ఎండాకాలం సైకిల్ తీస్తే కట్ట తొవ్వ పట్టండి

వరంగల్ నుంచి పాకాల దిక్కో, రామప్ప దిక్కో సైకిల్ మీద పోయేటోళ్లు మెయిన్ రోడ్డు వదిలేసి చెరువు కట్టల మీదుగా తొవ్వ చూసుకోండి. కాకతీయుల పుణ్యమా అని మనకు చెరువులకు కొదవ లేదు. తాటిచెట్ల నీడ ఏపాటిది గానీ, నీళ్ల మీది నుంచి వచ్చే గాలికి ప్రాణం లేచొస్తది. తిప్పలల్లా తుమ్మముళ్లతోనే. స్పేర్ ట్యూబు, పంపు లేకుండా కదలొద్దు.

నీళ్ల సీసాకు పాత కాటన్ సాక్స్ తొడిగి తడపండి. మనది పొడి ఎండ కాబట్టి తడి ఆరేకొద్దీ సీసాలో వేడి గుంజేస్తది. ఆరినప్పుడల్లా బోరింగ్ కాడ మళ్లీ తడుపుకోవాలి. ఫ్రిజ్ నీళ్లంత చల్లగా అయితే కావు, అంత ఆశ పెట్టుకోకండి.

యాసంగి కోతలప్పుడు ఊరి రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తరు. గింజల మీదికి ముందు చక్రం ఎక్కిందంటే జర్రున జారుతది. బండి ఎదురొస్తే పక్కకు తిప్పకుండా దిగి నిలబడండి.

పొద్దుగాల ఐదింటికే బయలుదేరి, పదికల్లా ఏదో ఒక నీడకు చేరండి. ముంజలు, ఉప్పేసిన సల్ల దొరికితే ఇంకేం కావాలె! తిరుగు తొవ్వ సాయంత్రం నాలుగు దాటినంకనే.