ఎన్నికల వీడియోకి జవాబు చెప్పడం - 3వ పాఠం: కత్తిరించిన ప్రసంగం

పోయిన పాఠంలో వీడియోని ఆపి, ఒక ఫ్రేమ్‌ని గూగుల్ లెన్స్‌తో వెతకడం నేర్చుకున్నాం. అసలు వీడియో దొరికిందనుకుందాం. దాన్ని గ్రూపులో ఎలా పెట్టాలి? చాలామంది తడబడేది ఇక్కడే.

2024 లోక్‌సభ ఎన్నికల సమయంలో, ఏప్రిల్ నెలాఖరున, అమిత్ షా వీడియో ఒకటి ఫోన్లన్నీ చుట్టేసింది. బీజేపీ ప్రభుత్వం వస్తే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అంటున్నట్టు ఉంది. అసలు ప్రసంగం ఏడాది కిందటిది, 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలోది. అక్కడ ఆయన తీసేస్తామన్నది తెలంగాణలో ముస్లింలకున్న రిజర్వేషన్లని. ఆ హక్కు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలదని కూడా అన్నారు. మాటలు కత్తిరించి అతికేసరికి అర్థం తలకిందులైంది. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి కూడా నోటీసు పంపారు.

ఆ వీడియోని మీ బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారనుకోండి. "ఫేక్, ఆయన అలా అనలేదు" అని రాసి ఊరుకుంటే, రిజర్వేషన్ల గురించి ఆయన అసలేమీ అనలేదని చదివినవాళ్లు అనుకుంటారు. అదీ అబద్ధమే. ఇలా రాయండి:

"బాబాయ్, ఇది 2023 చేవెళ్ల సభది. తీసేస్తానన్నది ముస్లిం రిజర్వేషన్లని, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలవి కాదు. పూర్తి వీడియో లింకు పెడుతున్నాను, ఫలానా నిమిషం దగ్గర చూడండి. ఆయన అన్నది సరైనదా కాదా అంటే అది వేరే సంగతి, తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆ చివరి వాక్యం మానేయకండి. అది లేకపోతే మీకు పార్టీ ముద్ర పడిపోతుంది, ఆ తర్వాత మీరు పెట్టిన లింకు ఎవరూ నొక్కరు. నిమిషం చెప్పడం కూడా అంతే ముఖ్యం, ప్రసంగం మొత్తం చూసే ఓపిక ఎవరికుంది! నకిలీ క్లిప్పుని మాత్రం "చూడండి ఎంత ఘోరమో" అంటూ మీరు మళ్లీ పంపొద్దు. నకిలీ అని తెలిసిన మూడు గంటల్లో తీసేయాలని 2024 మేలో ఎన్నికల సంఘం పార్టీలకి చెప్పింది. వాట్సాప్‌లో మూడు గంటలంటే జిల్లాలు దాటిపోతుంది.

ఇక మీరు పెట్టిన లింకు చూసి బాబాయి తప్పకుండా అనే మాట: "ఆ ఛానెల్ ఆ పార్టీవాళ్లదే కదరా!"

కాదని వాదించకండి. ఏ పేపరు ఎవరి వైపో మన దగ్గర టీకొట్టులో కూడా చెప్తారు, అందులో చాలావరకు నిజమే. అయితే ఆ మొగ్గు ఎక్కడ కనిపిస్తుందో చూడాలి. ఎవరి సభ లైవ్ ఇచ్చారు, ఎవరి కుంభకోణం లోపలి పేజీలో పడింది, హెడ్డింగులో ఏ మాట వాడారు - ఇవీ దాని జాగాలు. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఒప్పుకోండి. ప్రసంగం రికార్డింగు విషయంలో మాత్రం ఒకటే అడగండి: "సరే బాబాయ్, ఇందులో ఏ మాట మార్చారంటారు?" వెంటనే అదే సభ వీడియోని ఆయన రోజూ చూసే ఛానెల్లో వెతికి పెట్టండి. పదిసార్లు వాదించేకన్నా అది నయం.

ఈ వారం పని: మీ గ్రూపులోకి వచ్చిన, మీకు బాగా నచ్చిన ఒక క్లిప్పు తీసుకోండి. నచ్చనిది కాదు. దాని పూర్తి ప్రసంగం వెతికి, క్లిప్పుకి ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం విని, తేడా ఉంటే నాలుగు వాక్యాల్లో రాయండి.

వచ్చే పాఠం ఆడియో గురించి. 2023లో తన గొంతంటూ బయటికొచ్చిన ఆడియోలు నకిలీవని అప్పటి తమిళనాడు ఆర్థిక మంత్రి పళనివేల్ త్యాగరాజన్ అన్నారు. లెన్స్‌లో వెతకడానికి బొమ్మే లేనప్పుడు ఏం చేయాలో అక్కడ మొదలుపెడదాం.